దూరం వెళ్లిన బిడ్డల గురించి మన సంఘపెద్దలకు బహిరంగ లేఖ

ఊళ్లలో మన సంఘాలను నడిపిస్తున్న పెద్దలకు, కమిటీ సభ్యులకు, కాపరి అయ్యగార్లకు ప్రభువు నామంలో వందనాలు.

నేను గోదావరి ప్రాంతంలో ఒక పల్లె సంఘంలో సండే స్కూల్ చెబుతాను. నా దగ్గర కంఠత వాక్యాలు నేర్చుకున్న పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఊళ్లో లేరు. కొందరు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నారు. కొందరు చదువు కోసం అమెరికా వెళ్లి అక్కడే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఇళ్లలో పనికి కువైట్ వెళ్లిన ఆడపిల్లలూ ఉన్నారు. క్రిస్మస్‌కో కోత పండుగకో వీళ్లలో కొందరు సెలవు పెట్టుకుని వస్తారు. ఆరాధన అయ్యాక ప్రకటనలు చదివే సమయంలో పెద్దల్లో ఒకరు లేచి, "ఊరు దాటినవాళ్లు దేవుడికి దూరమైపోతున్నారు. ఇక్కడ మనం ఉన్నాం కాబట్టి సరిపోయింది" అంటారు. వెనక వరసలో కూర్చున్న పిల్లలు తల దించుకుంటారు. తర్వాతి ఏడాది వాళ్లలో ఒకరిద్దరు రారు.

ఆ మాట అనేవాళ్ల దిగులు నిజమైనదే. మందిరం కట్టేటప్పుడు ఇటుకలు మోసినవాళ్లు, ఆదివారం పూట గంట కొట్టి పదిమంది కోసం ఎదురుచూస్తుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ సరిగ్గా ఇదే మాట బైబిల్లో ఒకసారి వినబడింది. ఎవరన్నారో, దానికి దేవుడు ఏం జవాబిచ్చాడో మీరంతా కూర్చుని మళ్లీ చదవాలని అడగడానికే ఈ లేఖ.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చాడు. రాజైన యెహోయాకీనును, రాజమాతను, అధికారులను, పనితెలిసిన వడ్రంగులను, కమ్మరులను బబులోనుకు పట్టుకుపోయాడు. యాజకుడైన యెహెజ్కేలు కూడా ఆ చెరలోనే వెళ్లాడు. ఆలయం మాత్రం అప్పటికింకా నిలిచే ఉంది. అది కాలిపోయింది మరో పదకొండేళ్లకు, క్రీ.పూ. 586లో. ఈ మధ్యకాలంలో యెరూషలేములో మిగిలినవాళ్లకు ఒక ధీమా వచ్చింది. మందిరం మా దగ్గర, బలిపీఠం మా దగ్గర, దేవుడూ మా దగ్గరే అనుకున్నారు. పోయినవాళ్ల గురించి వాళ్లు ఏమన్నారో యెహెజ్కేలు 11వ అధ్యాయం 15వ వచనంలో ఉంది. వాళ్లు యెహోవాకు దూరమైనవాళ్లు, ఈ దేశం మాది అన్నారు. ఆ పక్క వచనంలోనే దేవుడు జవాబిస్తాడు. వాళ్లను దూరదేశాలకు తోలింది నేనే, వాళ్లు వెళ్లిన ఆ దేశాల్లో నేనే వాళ్లకు పరిశుద్ధాలయంగా ఉంటాను అంటాడు.

పెద్దలారా, ఈ రెండు వచనాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మందిరం ఎవరి ఊళ్లో ఉందో వాళ్లు ఒక మాట అన్నారు. ఆ మందిరం ఎవరిదో ఆయన వేరే మాట అన్నాడు.

యిర్మీయా 24వ అధ్యాయంలో ఇదే సంగతి ఇంకా గట్టిగా ఉంటుంది. ఆలయం ఎదుట రెండు గంపల అంజూరపు పండ్లు. ఒక గంపలో తొలికాపు పండ్లలాంటి మంచి పండ్లు, రెండో గంపలో నోట పెట్టుకోలేనంత చెడ్డవి. చెరలోకి పోయినవాళ్లు మంచి పండ్లని, దేశంలో మిగిలిన రాజు సిద్కియా, అతని అధికారులు చెడ్డ పండ్లని దేవుడు చెబుతాడు. యెహెజ్కేలు 8వ అధ్యాయం చదివితే కారణం తెలుస్తుంది. అదే ఆలయం లోపల, చీకటి గదుల్లో, గోడల మీద చెక్కిన బొమ్మల ముందు ఇశ్రాయేలు పెద్దలు డెబ్బైమంది ధూపం వేస్తున్నారు. యెహోవా మమ్మల్ని చూడడంలేదు అనుకుంటున్నారు. మందిరానికి దగ్గరగా ఉండటం, దేవుడికి దగ్గరగా ఉండటం వేరు వేరు సంగతులు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వెళ్లిన ప్రతివాళ్లూ నిలబడ్డారని నేను అనను. యిర్మీయా 44వ అధ్యాయంలో ఐగుప్తుకు వెళ్లిన యూదులు ఆకాశరాణి అనే దేవతకు ధూపం వేస్తామని ప్రవక్త ముఖం మీదే చెప్పేశారు. ఊరు విడిచి వెళ్లి దేవుణ్ణి కూడా విడిచినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అందుకే మనిషిని చూడకుండా, ఎక్కడున్నాడన్నది చూసి తీర్పు చెప్పకండి అంటున్నాను.

ఇక యిర్మీయా ఏం చేశాడో చూడండి. ఆయన యెరూషలేములోనే ఉండిపోయినవాడు. అంటే మీ స్థానంలో ఉన్నవాడు. వెళ్లినవాళ్ల మీద ఆయన ప్రకటన చేయలేదు. వాళ్లకు ఉత్తరం రాశాడు. 29వ అధ్యాయం అదే. రాజైన సిద్కియా తన పని మీద బబులోనుకు పంపుతున్న ఇద్దరి చేతికి, షాఫాను కుమారుడైన ఎల్యాశాకూ హిల్కీయా కుమారుడైన గెమర్యాకూ, ఆ ఉత్తరం ఇచ్చి పంపాడు. తపాలా లేని రోజుల్లో, వందల మైళ్ల దూరానికి, వెళ్తున్నవాళ్ల చేతికిచ్చి పంపిన ఉత్తరమది.

ఉత్తరం మొదట ఎవరి పేరున ఉంది? చెరలో ఉన్న పెద్దల్లో మిగిలినవాళ్ల పేరున. ఆ తర్వాతే యాజకులు, ప్రవక్తలు, ప్రజలు. ఈ చిన్న సంగతి మీద నా మనసు చాలాకాలంగా నిలిచిపోయింది. మందిరం లేదు, బలి లేదు, సొంత నేల లేదు. అయినా అక్కడ పెద్దలున్నారని యిర్మీయా ఒప్పుకున్నాడు. వాళ్లను దారితప్పిన గుంపుగా కాకుండా ఒక సంఘంగా చూశాడు.

లోపల రాసింది మీకు తెలుసు. ఇళ్లు కట్టుకుని వాటిలో ఉండండి, తోటలు వేసుకుని వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కనండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, అక్కడ తగ్గిపోకుండా విస్తరించండి. మిమ్మల్ని తీసుకుపోయిన పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థన చేయండి. యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించమని కీర్తన 122 నేర్చుకుని పెరిగినవాళ్లకు ఈ మాట ఎంత కష్టంగా తగిలి ఉంటుందో ఆలోచించండి. ఆలయం పాత్రల్ని ఎత్తుకుపోయిన ఊరు అది. ఆ ఊరి కోసం ప్రార్థన చేయమంటున్నాడు.

ఉత్తరంలో లేనివి కూడా చూడాలి. మేము ఇక్కడ ఆలయాన్ని కాపాడుతున్నాం, మీరు కానుకలు పంపండి అని లేదు. మీరు మాకన్నా పాపులు కాబట్టి దేవుడు మిమ్మల్ని పంపేశాడని లేదు. అక్కడ సుఖపడితే దేవుణ్ణి మరిచిపోతారన్న హెచ్చరికతో మొదలుపెట్టలేదు. మొదట వాళ్ల బతుకును దీవించాడు. మీరు నన్ను వెదికితే నేను దొరుకుతాను అని దేవుని మాట అందించాడు. అబద్ధ ప్రవక్తల గురించి హెచ్చరించాడు. అంతే.

ఇదంతా అందరికీ నచ్చలేదు. బబులోనులోనే ఉన్న షెమయా అనేవాడు కోపంతో యెరూషలేములోని యాజకుడికి తిరుగు ఉత్తరం రాశాడు. ఈ యిర్మీయాను ఎందుకు గద్దించలేదు, ఇంకా చాలాకాలం పడుతుందని, ఇళ్లు కట్టుకోమని రాశాడు చూడండి అని ఫిర్యాదు. కొత్త చోట నెమ్మదిగా ఉండమని చెప్పడం కూడా కొందరికి ద్రోహంలా కనిపిస్తుంది.

ఆ ముందు అధ్యాయంలో హనన్యా ఉన్నాడు. గిబియోను ఊరివాడు. ఆలయంలో యాజకుల ముందు, జనం ముందు నిలబడి, రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తుంది, పాత్రలు వస్తాయి, రాజు వస్తాడు అని చెప్పాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని లాగి విరిచేశాడు. జనానికి ఎంత హాయిగా ఉండి ఉంటుంది ఆ మాట! యిర్మీయా మొదట ఏమన్నాడో గమనించండి. ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. ఆయనకూ అదే కావాలి. ఆ పాత్రలంటే ఆయనకూ ప్రేమే. కానీ తను కోరుకున్నదాన్ని దేవుడు చెప్పినదానిగా మార్చి చెప్పలేదు. డెబ్బై ఏళ్లు అన్నాడు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం వాగ్దాన కార్డులు తీస్తాం. ఏటా ఎవరో ఒకరికి యిర్మీయా 29:11 వస్తుంది. నిరీక్షణ కలిగించే సమాధానకరమైన ఉద్దేశాలు అన్న ఆ వచనాన్ని ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ల మాట ఉంది. అంటే ఆ వాగ్దానం విన్న పెద్దవాళ్లలో చాలామంది దాని నెరవేర్పు చూడకుండానే పరాయి నేలలో కన్నుమూస్తారు. అయినా అది వాగ్దానమే. వాళ్లు నాటిన తోట కాయల్ని మనవలు తింటారు. పిల్లలకు ఈ వచనం నేర్పేటప్పుడు నేను పదో వచనం కూడా కలిపి నేర్పిస్తాను. మీరు ప్రసంగాల్లో అలా చెబితే ఎంతో మేలు.

యిర్మీయా ఉత్తరం ఊరికే పోలేదని చెప్పే ఆనవాళ్లు మట్టిలో దొరికాయి. బబులోను రాజభవనం తవ్వకాల్లో బయటపడిన మట్టి పలకల్లో యూదా రాజు యెహోయాకీనుకూ, అతని ఐదుగురు కొడుకులకూ కొలిచి ఇచ్చిన నూనె లెక్కలు ఉన్నాయి. ఆ పలకల్ని 1939లో ప్రచురించారు. నాకు ఇంకా ఎక్కువ దగ్గరగా అనిపించేవి తర్వాత వెలుగు చూసిన పలకలు. బబులోను పల్లెప్రాంతంలో అల్-యాహూదు అనే ఊరు, అంటే యూదా వాళ్ల ఊరు, ఉండేది. అక్కడి పలకల్లో పాతది క్రీ.పూ. 572 నాటిది, చివరిది క్రీ.పూ. 477 నాటిది. వంద ఏళ్ల బతుకు వాటిలో ఉంది. బార్లీ అప్పులు, ఖర్జూరపు తోటల కౌళ్లు, పన్నులు, ఆస్తి పంపకాలు. ఇళ్లు కట్టుకున్నారు, తోటలు వేసుకున్నారు. పలకల మీద భాష బబులోను వాళ్లది, లిపి వాళ్లది. పేర్లలో మాత్రం తరం తర్వాత తరం యెహోవా పేరు కలుస్తూ వచ్చింది. ఒక పలక మీద షెలెమ్యా అనే పేరును పాత హెబ్రీ అక్షరాల్లో గీశారు. చుట్టూ మేకుల్లాంటి బబులోను అక్షరాలు, వాటి మధ్య తాతల నాటి లిపిలో ఒక్క పేరు. ఆ మనిషిని యెరూషలేములో ఎవరైనా దేవుడికి దూరమైనవాడు అని ఉంటే, ఆ పలక ఇప్పటికీ జవాబు చెబుతోంది.

ఇక్కడ మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. అయితే పాతవన్నీ వదిలేయమంటావా అమ్మా అని. లేదు. యిర్మీయా 35వ అధ్యాయం అందుకే ఉందని నా నమ్మకం.

దేవుడు యిర్మీయాను పిలిచి, రేకాబీయుల్ని, అంటే రేకాబు కుమారుడైన యోనాదాబు సంతతివాళ్లను, ఆలయంలో ఒక గదిలోకి తీసుకొచ్చి ద్రాక్షారసం ఇవ్వమంటాడు. ప్రవక్త పిలిచాడు, చోటు ఆలయం, ముందు నిండు పాత్రలు, పక్కన గిన్నెలు. తాగండి అంటాడు యిర్మీయా. తాగం అంటారు వాళ్లు. మా తండ్రి యోనాదాబు మమ్మల్నీ మా పిల్లల్నీ ఎన్నడూ ద్రాక్షారసం తాగవద్దన్నాడు, ఇల్లు కట్టవద్దన్నాడు, విత్తనం వేయవద్దన్నాడు, ద్రాక్షతోట నాటవద్దన్నాడు, గుడారాల్లో బతకమన్నాడు. యోనాదాబు ఇశ్రాయేలు రాజు యెహూ కాలంవాడు. అంటే ఆ మాటకు రెండు వందల ఏళ్లు దాటాయి. ఇంకా పాటిస్తున్నారు. దేవుడు వాళ్లను మెచ్చుకుని, యోనాదాబు సంతతిలో నా సన్నిధిలో నిలిచేవాడు ఎన్నటికీ లేకపోడు అని మాట ఇచ్చాడు.

ఇప్పుడు ఈ రెండు అధ్యాయాల్నీ ఒకేసారి తెరిచి పెట్టండి. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి అని 29. ఇళ్లు కట్టలేదు, తోటలు వేయలేదు, అందుకు మెచ్చుకున్నాను అని 35. ఒకే ప్రవక్త, ఒకే పుస్తకం. మొదటిసారి ఇది తట్టినప్పుడు నేను చాలాసేపు చదువు ఆపి కూర్చున్నాను. దేవుడు ఇంటిని మెచ్చుకోవడం లేదు, గుడారాన్నీ మెచ్చుకోవడం లేదు. విన్నవాళ్లను మెచ్చుకుంటున్నాడు. నేను పదే పదే చెప్పినా యూదావాళ్లు వినలేదు, వీళ్లు తమ తండ్రి మాట విన్నారు అన్నదే ఆ అధ్యాయంలో అసలు సంగతి. యూదావాళ్లంతా గుడారాల్లోకి మారండి అని ఆ తర్వాత ఎక్కడా లేదు.

ఇంకొకటి కూడా ఉంది. రేకాబీయులు తమంతట తామే ఒప్పుకుంటారు. కల్దీయుల, అంటే బబులోనువాళ్ల, సేనకు భయపడి యెరూషలేములోకి వచ్చాం, అందుకే ఇక్కడ ఉంటున్నాం అని. ఊరూరా గుడారాలు వేసుకుని తిరగాల్సినవాళ్లు పట్టణం గోడల మధ్య ఉన్నారు. కాలం వాళ్లను అక్కడికి నెట్టింది. అందుకు దేవుడు వాళ్లను ఒక్క మాటైనా అనలేదు. కాలం మారినా వదలని దాన్ని చూసి మెచ్చుకున్నాడు.

కాబట్టి శుక్రవారం ఉపవాసాన్ని విడవని తాతయ్యను, తెల్లచీర కట్టి పాత కీర్తనలే పాడే మామ్మను ఎవరూ తక్కువ చేయకూడదు. మా సండే స్కూల్ పిల్లలెవరైనా నవ్వితే నేను ఊరుకోను. అదే సమయంలో, ఒక ఇంటికి దేవుడిచ్చిన కట్టుబాటును అందరి విశ్వాసాన్నీ కొలిచే కొలబద్దగా పెట్టే హక్కు మనకెవరూ ఇవ్వలేదు.

ఇంకొంచెం వివరంగా చెప్పాలి. ఇళ్లలో పనికి కువైట్ వెళ్లిన ఒక అమ్మాయి పెళ్లికి తన సంఘం నుంచి సభ్యత్వ పత్రం కావలసి వచ్చింది. అది ఏ సంఘమో నేను చెప్పను. ఆదివారం ఆరాధనకు ఎన్నాళ్లుగానో వెళ్లడంలేదని ఆమే చెప్పింది కదా, చందా కూడా సరిగా కట్టలేదు, పత్రం ఎలా ఇస్తాం అని కమిటీవాళ్లు అన్నారు. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్రవారం. అక్కడి క్రైస్తవ సంఘాలు ఎక్కువగా శుక్రవారమే కూడుకుంటాయి. ఆ అమ్మాయి యజమాని బయటికి పంపిన శుక్రవారాల్లో తెలుగువాళ్ల కూడికకు వెళ్తుంది. పంపనప్పుడు పని ముగిశాక వంటింటి పక్క గదిలో ఫోన్లో కీర్తన పెట్టుకుని ప్రార్థన చేసుకుంటుంది. ఇంటికి డబ్బు పంపాక మిగిలిన దానిలో అక్కడే దశమభాగం వేస్తుంది. ఈ పిల్ల దేవుడికి దూరమైందని రిజిస్టరు చూసి తేల్చారు.

దానియేలు గదిని గుర్తు చేసుకోండి. అతనికి పేరు మార్చారు, బెల్తెషాజరు అన్నారు. పలికాడు. కల్దీయుల విద్య, భాష నేర్పారు. శ్రద్ధగా నేర్చుకున్నాడు. రాజు కొలువులో ఉద్యోగం చేశాడు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. ముసలితనంలో ప్రార్థన మానమన్న శాసనం వచ్చినప్పుడు మళ్లీ ఆగాడు. యెరూషలేము వైపు కిటికీలు తెరిచి రోజుకు మూడుసార్లు మోకరించాడు. అప్పటికి ఆ దిక్కున ఆలయం లేదు, కాలిపోయి దశాబ్దాలైంది. యాజకుడు లేడు, బలి లేదు, పండుగ కూడిక లేదు. ఏది ఒప్పుకోవచ్చో, ఎక్కడ ఆగాలో ఆ మనిషి తనంతట తాను ప్రార్థనలో తేల్చుకున్నాడు. మన పిల్లలు నైట్ షిఫ్టుల మధ్య, హాస్టల్ గదుల్లో, పరాయి ఇళ్లలో రోజూ చేస్తున్నది ఈ పనే. పెద్దవాళ్లు పక్కన నిలబడి సాయం చేస్తే వాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. ప్రతిదీ తప్పే అంటే, ఎక్కడ ఆగాలో కూడా అడగడం మానేస్తారు.

భాష గురించి కూడా ఒక మాట. అమెరికాలో పుట్టిన మనవలకు తెలుగు బైబిలు చదవడం రాదని మీలో చాలామందికి బాధ. నాకూ బాధే. నెహెమ్యా 13వ అధ్యాయంలో పిల్లల్లో సగంమంది పొరుగువాళ్ల అష్డోదు భాష మాట్లాడుతున్నారని, యూదుల భాష రాదని నెహెమ్యా ఎంత కోపపడ్డాడో ఉంది. వాళ్ల తండ్రుల్లో కొందరి జుట్టు పట్టి పీకాడు. ఆ కోపం వెనక ఉన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ లేఖనం అక్కడితో ఆగలేదు. యిర్మీయా గ్రంథమంతా హెబ్రీలో ఉంటే, 10వ అధ్యాయం 11వ వచనం ఒక్కటి అరామిక్‌లో ఉంది. భూమ్యాకాశాల్ని చేయని దేవుళ్లు నశిస్తారు అన్న వచనమది. చుట్టుపక్కల జనం మాట్లాడే భాషలో చెప్పగలిగేలా రాసిన సాక్ష్యం. దానియేలులో పెద్ద భాగం, ఎజ్రాలో కొంత అరామిక్‌లోనే ఉన్నాయి. ఈరోజు హెబ్రీ బైబిలు ముద్రించే చదరపు అక్షరాలు కూడా అరామిక్ లిపి నుంచి వచ్చినవే. వేరే నేల మీద నేర్చుకున్న అక్షరాల్లోనే ఆ జనం ధర్మశాస్త్రాన్ని దాచుకున్నారు. మన పాత కీర్తనల మీద రాగం, తాళం వేసి ఉంటాయి కదా. దొరలు తెచ్చిన పాటల పక్కన మన రాగాలు చేరిన రోజున అవీ కొత్తవే.

మీ కన్నీళ్లను చిన్నచూపు చూడమని నేను ఎవరికీ చెప్పను. లేఖనం కూడా చూడలేదు. ఎజ్రా 3వ అధ్యాయంలో, చెరనుంచి తిరిగి వచ్చి ఆలయానికి కొత్త పునాది వేసినప్పుడు, మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు. చాలామంది సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడుపో ఏది కేకో జనానికి తెలియలేదు, ఆ శబ్దం చాలా దూరం వినబడింది. ఎందుకేడుస్తున్నారని ఎవరూ వాళ్లను గద్దించలేదు. కానీ ఏడ్చినవాళ్లు ఆ పునాది దగ్గరే నిలబడి ఏడ్చారు. ఇది మా మందిరం కాదని ఇళ్లకు వెళ్లిపోలేదు. తర్వాత పని ఆగిపోయింది. క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త మళ్లీ అడిగాడు, మొదటి మహిమను చూసినవాళ్లు మీలో ఎవరున్నారు, ఇది మీకు లెక్కలోకి రానట్టు కనబడుతోందా అని. ధైర్యం తెచ్చుకుని పని చేయండి, నేను మీకు తోడుగా ఉన్నాను అని దేవుని మాట చెప్పాడు. పారసీక రాజు దర్యావేషు ఏలుబడి ఆరో ఏట ఆలయం పూర్తయింది.

ఆ ఆలయం ఉన్న యెరూషలేముకు మళ్లీ ధర్మశాస్త్రం నేర్పింది ఎవరు? ఎజ్రా. అతను బబులోను నుంచి వచ్చాడని ఎజ్రా 7:6లో స్పష్టంగా ఉంది. చెర మొదలై వంద ఏళ్లు దాటాక, పరాయి దేశపు యూదుల మధ్య ఎదిగిన శాస్త్రి. నీటి గుమ్మం ఎదుట మైదానంలో కర్ర పీఠం మీద నిలబడి, తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా చదివాడు. అర్థమయ్యేలా లేవీయులు జనానికి వివరించారు. విని ఏడ్చింది యెరూషలేము. పడిపోయిన గోడ కట్టించిన నెహెమ్యా వచ్చింది షూషను కోటలో పారసీక రాజుకు పానం అందించే ఉద్యోగం నుంచి. దూరమైనవాళ్లు అని ఒకనాడు అనిపించుకున్నవాళ్ల మనవలే పుస్తకం పట్టుకుని తిరిగి వచ్చారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నా పాత విద్యార్థుల ముఖాలు గుర్తొస్తాయి. వీళ్లలో ఎవరు ఏం పట్టుకుని వస్తారో మనకు తెలియదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. వచ్చే కమిటీ మీటింగులో లెక్కలు చూసే ముందు యెహెజ్కేలు 11, యిర్మీయా 29 చదివించండి. మీ సంఘం నుంచి దూరం వెళ్లిన ప్రతి ఒక్కరికీ పెద్దల తరఫున ఒక ఉత్తరం రాయండి. వాట్సాప్‌లో పంపినా ఫర్వాలేదు, కానీ ఫార్వర్డ్ చేసిన మెసేజ్ వద్దు. పేరు పెట్టి రాయండి. వాళ్ల ఇంటి గురించి, ఉద్యోగం గురించి, పిల్లల గురించి అడగండి. అక్కడ ఎవరితో కలిసి ప్రార్థిస్తున్నారో అడిగి, ఆ కూడికను గౌరవించండి. చందా గురించి ఆ ఉత్తరంలో రాయొద్దు. రావడంలేదని, కట్టలేదని రిజిస్టరులో పేరు కొట్టేసే పని ఆపండి. పెళ్లికి పత్రం అడిగినవాళ్లను ముందు కూర్చోబెట్టి మాట్లాడండి.

పండుగకు వచ్చినప్పుడు వాళ్ల మీద మాట్లాడకుండా వాళ్లను మాట్లాడనివ్వండి. ఒక పిల్లకు లేఖన పఠనం ఇవ్వండి. ఒక అబ్బాయిని అక్కడ నీ ప్రార్థన ఎలా సాగుతోందో చెప్పు బాబూ అని పిలవండి. తడబడితే ఓపిగ్గా వినండి. నిజంగా దారితప్పినవాళ్లు ఉంటే మైకులో కాకుండా ఇంటికి వెళ్లి, పక్కన కూర్చుని చెప్పండి. మీ మాటకు వాళ్ల మనసులో ఇప్పటికీ చాలా విలువ ఉంది. అందుకే ఆ ప్రకటన వాళ్లను అంతగా గాయపరుస్తోంది.

మీరు ఉత్తరాలు రాస్తామంటే, ఎవరు ఎక్కడ ఉన్నారో కనుక్కుని చిరునామాలు, ఫోన్ నంబర్లు రాసి పెట్టే పని సండే స్కూల్ టీచర్లం చేస్తాం. చాలామంది నంబర్లు ఇప్పటికే మా దగ్గర ఉన్నాయి. కోత పండుగకు ఇంకా సమయం ఉంది. అంతకు ముందే మొదటి ఉత్తరాలు వెళ్లేలా చూడండి.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక సండే స్కూల్ టీచరు